చెరువు అలుగుల సంగతి ఈ వేసవిలోనే తేల్చండి: రెండు రాష్ట్రాల నీటిపారుదల శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ జలవనరుల శాఖ, తెలంగాణ నీటిపారుదల శాఖల చిన్ననీటి వనరుల ఇంజినీర్లకు, జిల్లా కలెక్టర్లకు,

నమస్కారం.

చెరువుల భద్రత మీద ఎక్కడ సమావేశం పెట్టినా చర్చ ఒకేచోట ఆగిపోతోంది. అలుగులు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లి పోయే గోడలు) పొడిగించాలని ఒకరంటారు. మన ప్రాంతంలో వాన పెరుగుతుందో తగ్గుతుందో శాస్త్రవేత్తలకే ఒక మాట లేదు కదా, ఆ లెక్క తేలాక చూద్దామని ఇంకొకరంటారు. ఫైలు పక్కకు పోతుంది. రెండో ఆయన మాట అబద్ధం కాదు. ఆ మాట పట్టుకుని పని ఆపడమే తప్పు. అదెందుకు తప్పో, ఏ పనికి ఏ లెక్క సరిపోతుందో, నిజంగానే ఆగి చూడాల్సిన పనులేవో ఈ లేఖలో రాస్తున్నాం.

వాతావరణ మార్పులో తెలియనివన్నీ ఒక్క తీరువి కావు. 1901 నుంచి 2018 దాకా దేశంలో సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రచురించిన నివేదిక చెబుతోంది. ఇకముందు ఎంత పెరుగుతుందన్న దగ్గర తేడాలున్నాయి గానీ, పెరుగుతుందన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. నైరుతి రుతుపవనాల మొత్తం వాన సంగతి వేరు. అదే నివేదిక ప్రకారం 1951–2015 మధ్య అది దేశం మొత్తం మీద దాదాపు 6 శాతం తగ్గింది. వాతావరణ మోడళ్లు (కంప్యూటర్ అంచనాలు) మాత్రం రాబోయే దశాబ్దాల్లో పెరుగుతుందంటున్నాయి. ఏ దిక్కుకు పోతుందో గట్టిగా చెప్పలేని లెక్క ఇది. మూడోది కుండపోత. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. కురిసే రోజున ఆ తేమంతా ఒక్కసారిగా దిగుతుంది. మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు దాటిన వానలు 1950–2015 మధ్య సుమారు 75 శాతం పెరిగాయి. అంటే సీజన్ మొత్తం వాన తగ్గుతున్న కాలంలోనే కుండపోతలు పెరిగాయి.

అలుగుకు కావాల్సింది ఈ మూడో లెక్క ఒక్కటే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మొత్తం ఎంత కురిసిందన్నది ఆయకట్టుకు (చెరువు కింద సాగయ్యే భూమికి), పంటకు సంబంధించిన ప్రశ్న. నిండిన చెరువు మీద రెండు గంటల్లో ఎంత పడిందన్నది అలుగుకు సంబంధించిన ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు తేలలేదని రెండోదాన్ని ఆపుతున్నాం.

ములుగు జిల్లా వాజేడులో 2013 జులై 19న నమోదైన 517.5 మిల్లీమీటర్లు చాలాకాలం తెలంగాణలో 24 గంటల రికార్డుగా ఉండేది. 2023 జులై 27 ఉదయానికి అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 నమోదైంది. ఒక్క రికార్డు దేన్నీ రుజువు చేయదని మాకూ తెలుసు. అయితే అలుగు లెక్కలో ఇలాంటి అంకెలు అసలు ఎక్కడ కూర్చుంటాయన్నది చూడాలి.

మన పాత చెరువుల అలుగుల్లో చాలావాటికి వరద లెక్క రైవ్స్ సూత్రంతో వేశారు. 19వ శతాబ్దం చివర్లో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం తయారైన సూత్రమది. పరీవాహక ప్రాంతాన్ని చదరపు కిలోమీటర్లలో తీసుకుని దాన్ని మూడింట రెండో ఘాతానికి పెంచి, ఒక స్థిరాంకంతో గుణిస్తే వరద సెకనుకు ఘనమీటర్లలో వస్తుంది. తీరం నుంచి 80 కిలోమీటర్ల లోపలైతే స్థిరాంకం సుమారు 6.8, 80–160 మధ్య 8.5, కొండల దగ్గర 10.2. ఈ సూత్రంలో వాన ఎంతన్న అంకే లేదు. 10 చదరపు కిలోమీటర్ల పరీవాహకానికి 8.5 వేస్తే వచ్చే వరద సుమారు 39 ఘనమీటర్లు, అంటే దాదాపు 1,400 క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు). అదే ప్రాంతంలో గంటకు 50 మిల్లీమీటర్ల వాన రెండు గంటలు నిలిచి, అందులో సగం పారుతుందనుకుని లెక్కవేస్తే సుమారు 2,450 క్యూసెక్కులు. వాతావరణ మార్పు పేరుతో దాని మీద 15 శాతం కలిపితే 2,820. చెరువు విస్తీర్ణం వరదను కొంత మింగుతుంది. అది చెరువుకో రకంగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కలపలేదు.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. 1,400 నుంచి 2,450కి వచ్చిన తేడాలో వాతావరణ మార్పు ప్రమేయమే లేదు. సూత్రం మార్చితే వచ్చిన తేడా అది. మోడళ్ల మీద వాదన అంతా ఆ తర్వాతి 370 క్యూసెక్కుల గురించి. ఎర్రనేలలో సగం నీరు పారుతుందా, ముప్పాతిక పారుతుందా అన్నదే ఇంతకంటే పెద్ద అనిశ్చితి. దాన్ని పెట్టుకునే నూటయాభై ఏళ్లుగా అలుగులు కడుతున్నాం.

పెద్ద ప్రాజెక్టులకూ ఇది తప్పలేదు. శ్రీశైలానికి డిజైన్‌లో తీసుకున్న గరిష్ఠ వరద 19 లక్షల క్యూసెక్కులు. 2009 అక్టోబరు 2న వచ్చింది 25 లక్షలు దాటింది.

వాతావరణం అసలు మారలేదని వాదించేవారు కూడా ఈ లెక్కను కాదనలేరు: 50 ఏళ్లకు ఒకసారి వచ్చే వరదకు కట్టిన అలుగు మీద, 30 ఏళ్లలో కనీసం ఒక్కసారైనా ఆ హద్దు దాటే అవకాశం 45 శాతం. ఆ వరద ఇప్పుడు 25 ఏళ్లకు ఒకసారి వచ్చేదిగా మారిందనుకుంటే 71 శాతం. వాదన 45కీ 71కీ మధ్య. ఈ రెండు అంకెల్లో ఏది వచ్చినా కింద ఊరున్న చెరువును అలా వదిలేయవచ్చని చెప్పే ఇంజినీరు ఉండకూడదు.

ఒక్క చెరువుతో పోయేదైతే ఇంత రాయం. మనవి గొలుసుకట్టు చెరువులు, పైదాని మిగులు నీరు కిందిదానికి పోతుంది. పైచెరువుకు గండి పడితే కిందచెరువుకు వచ్చేది వాన నీరు కాదు, పైచెరువు మొత్తం నీరు. దాన్ని తట్టుకునేలా ఏ అలుగునూ ఎవరూ కట్టలేదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో జరిగింది ఇదే. పైన పింఛ జలాశయం కట్ట తెగింది, ఆ వరద కింద చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడింది, మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లు దెబ్బతిన్నాయి. ఆ స్పిల్‌వే (వరదను వదిలే గేట్ల దారి) సామర్థ్యం సుమారు 2.17 లక్షల క్యూసెక్కులు. వచ్చిన వరద 3 లక్షలు దాటింది. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. డిజైన్ లోపం, పై కట్ట తెగడం, గేటు పనిచేయకపోవడం ఒకే రాత్రి కలిశాయి. వీటిలో వాతావరణ మోడల్ వచ్చేదాకా ఆగాల్సిన పని ఒక్కటీ లేదు.

2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు తెగినప్పుడు కూడా అసలు సంగతి చెరువులు అప్పటికే నిండి ఉండటం. అందుకే పూడిక తీత వరదకు మందు అనే మాటను ఒప్పుకోలేం. పూడిక తీస్తే నిల్వ పెరుగుతుంది, ఒండ్రు పొలానికి బలం, భూగర్భ జలానికి మేలు. కానీ మన పెద్ద వరదలు చాలావరకు సెప్టెంబరు, అక్టోబరు, రాయలసీమలోనైతే నవంబరులో వస్తాయి. అప్పటికి చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండే మట్టం) దాకా ఉంటుంది, తవ్విన గొయ్యి కూడా నిండే ఉంటుంది. పైగా కట్ట మొదలుకు దగ్గరగా జేసీబీ పెట్టి తవ్వితే కట్ట లోపలి వాలుకు కాళ్లు తీసేసినట్టే.

అలుగు పొడవు సంగతి అలా కాదు. మట్టం మార్చకుండా పొడవు పెంచితే చెరువులో చుక్క నీరు తగ్గదు. కరవు వచ్చినా నష్టం లేదు, కుండపోత వచ్చినా పనికొస్తుంది. వాన ఎటు పోతుందో తెలియనప్పుడు ముందు చేపట్టాల్సింది ఇలాంటి పనులనే. 1369 నాటి కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెబుతుంది. వాటిలో తక్కువ నీటికి ఎక్కువ నేల ఉండటం ఒకటి, ఎక్కువ నీటికి తక్కువ చోటు ఉండటం ఇంకొకటి. రెండు వైపులా చూసుకోమని రాతి మీద చెక్కి ఆరున్నర శతాబ్దాలు దాటింది.

ఇక లెక్క. వెడల్పాటి అలుగు గోడ మీద నీరు 0.6 మీటరు ఎత్తున దూకితే ఒక్కో మీటరు పొడవుకు సుమారు 28 క్యూసెక్కులు పోతాయి. 0.9 మీటరు ఎత్తున దూకితే 51. పైన చెప్పిన 1,400 క్యూసెక్కులకు 0.6 మీటరు ఎత్తులో 50 మీటర్ల అలుగు చాలు. 2,450కి 88 మీటర్లు కావాలి. 2,820కి 100. వాతావరణ మార్పుకు ముందుజాగ్రత్తగా కట్టాల్సింది చివరి 12 మీటర్ల గోడ. ఎప్పటికో మళ్లీ వచ్చి, పునాది తవ్వి, రెక్కగోడ (అలుగు చివర కట్టను పట్టి ఉంచే పక్కగోడ) పగలగొట్టి ఆ 12 మీటర్లు కలపడం కంటే ఇప్పుడే కలపడం చవక.

నీటి ఎత్తును 0.9 దాకా పోనిస్తే 100 మీటర్ల బదులు 55 మీటర్లు చాలు కదా అనిపిస్తుంది. కాగితం మీద నిజమే. అందుకు కట్ట నిజంగా డిజైన్‌లో ఉన్నంత ఎత్తు ఉండాలి. ఎక్కువ చెరువుల్లో తప్పు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం. డిజైన్ ప్రకారం అలుగు మట్టం కంటే కట్ట 1.8 మీటర్లు ఎత్తు అనుకుందాం. ఏళ్ల తరబడి బండ్లు, ట్రాక్టర్లు నడిచి కట్ట మధ్యలో 0.4 మీటరు కుంగింది. ఒక ఎండాకాలం నీళ్లు చాలక రైతులు అలుగు మీద సిమెంటు వరస ఒకటి 0.3 మీటరు కట్టుకున్నారు. ఇప్పుడు మిగిలింది 1.1 మీటర్లు. 0.9 మీటరు నీరు దూకే రోజున కట్టకు మిగిలేది 0.2 మీటరు. ఈదురుగాలికి లేచే అల చాలు దాన్ని దాటడానికి. మట్టికట్ట మీదుగా నీరు పొర్లడం మొదలైతే బయటి వాలు కోతపడి గండి పడటానికి ఎంతోసేపు పట్టదు. రికార్డులో మాత్రం ఆ చెరువు 'సేఫ్' అని ఉంటుంది.

కాబట్టి మొదటి పని కొత్త నిర్మాణం కాదు, లెవెల్ తీయడం. తూము (పొలాలకు నీరు వదిలే ద్వారం) మీద ఒక బెంచ్‌మార్క్ (మట్టాలు కొలవడానికి స్థిరమైన గుర్తు) పెట్టుకుని, కట్ట పొడవునా ప్రతి 20 మీటర్లకు ఒక రీడింగు, అలుగుకు రెండు చివరలా మధ్యలో రీడింగులు, అలుగు కింది వాగులో 100 మీటర్ల దాకా రీడింగులు. ఆటో లెవెల్ (మట్టం కొలిచే దుర్భిణి), స్టాఫ్ (కొలత కర్ర), ఇద్దరు మనుషులు చాలు. కట్ట సగటు ఎత్తు రాయకండి, అన్నిటికంటే తగ్గు చోటు రాయండి. కట్ట బలం దాని తగ్గు చోట ఎంతో అంతే. ఆ ఒక్క అంకె ప్రతి చెరువుకూ ఉంటే, ఏ చెరువుకు ముందు డబ్బు పెట్టాలన్న ప్రశ్న సగం తేలిపోతుంది. చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కోసం తెలంగాణలో లెక్కపెట్టిన చెరువులు, కుంటలు 46,531. అన్నీ ఒక వేసవిలో కావు. కింద ఊరు, రైలు పట్టా, హైవే ఉన్న గొలుసులతో మొదలుపెట్టాలి.

రెండోది అలుగు కింది దారి. అలుగు ఎంత పొడవున్నా, దాని కింద 900 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపులు ఆరు వేసి పైన రోడ్డు పోస్తే ఆ ఆరింటి నుంచి పోయేది మొత్తం 270 క్యూసెక్కుల చిల్లర. అదీ పైపులు శుభ్రంగా ఉంటే. వరదలో కొట్టుకొచ్చే తుమ్మకొమ్మలు, చేపల కోసం కట్టిన వలలు మొదటి గంటలోనే వాటిని మూసేస్తాయి. నీరు వెనక్కి తన్ని అలుగునే ముంచుతుంది. మునిగిన అలుగు లెక్క ప్రకారం పారదు. పైపుల రోడ్డును తీసేసి, వరద పైనుంచి పోయేలా తగ్గులో కాంక్రీటు కాజ్‌వే వేయండి. ఆ రెండు రోజులు రాకపోకలు ఆగుతాయి, ఆగనివ్వండి.

అలుగు పొడిగించేటప్పుడు ఎప్పుడూ గొలుసులో కింది చెరువుతో మొదలుపెట్టాలి. పైచెరువు అలుగు ముందు పెంచితే, అంతకుముందు అది ఆపి నెమ్మదిగా వదిలిన వరద ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. నిధులు మండలాలవారీగా, నియోజకవర్గాలవారీగా వస్తాయి కాబట్టి ఈ వరస చాలాచోట్ల తలకిందులవుతోంది. కలెక్టర్లు గట్టిగా పట్టుకోవాల్సిన అంశం ఇది.

కొత్త పొడవును కట్ట వైపు కాకుండా సహజమైన గట్టి నేల వైపు పెంచాలి. పోసిన మట్టి మీద కట్టిన అలుగు గోడ కుంగి పగులుతుంది. గోడా మట్టీ కలిసే చోట రెక్కగోడను కట్టలోకి బాగా లోపలికి తీసుకుపోయి, చుట్టూ బంకమట్టిని తడిపి దిమ్మిస కొట్టాలి. చాలా గండ్లు ఈ అతుకు దగ్గరే మొదలవుతాయి. కింద ఆప్రాన్ (నీరు దూకే చోట పరిచిన గట్టి నేల) చివర లోతైన అడ్డగోడ లేకపోతే దూకే నీరు మడుగు తవ్వి గోడను వెనక నుంచి పడగొడుతుంది. పక్కన జాగా లేని చోట అలుగును నిలువుగా ముందుకు పొడుచుకొచ్చే డక్‌బిల్ (బాతు ముక్కు) ఆకారంలో కడితే తక్కువ వెడల్పులోనే ఎక్కువ పొడవు దొరుకుతుంది.

కట్ట తగ్గు చోటును ఎత్తు చేసేటప్పుడు పాత వాలు మీద గడ్డి, పైమట్టి తీసి మెట్లుగా కోయాలి. లేకపోతే కొత్త మట్టి ఆ గడ్డి పొర మీద జారిపోతుంది. 15–20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, రోలర్ తిప్పాలి. చెరువు పూడికమట్టిని కట్టకు వాడకూడదు. ఎండకు పగిలి, వానకు ఉబ్బుతుంది. టిప్పర్లు ఎలాగూ అక్కడే తిరుగుతున్నాయని చాలాచోట్ల దాన్నే పోస్తున్నారు.

చెరువు నీటిని చూసుకునే నీరటి, నీరుగంటి కుటుంబాలు ఇంకా పని చేస్తున్న ఊళ్లలో వారికి చెప్పాల్సింది ఒకటుంది. కట్ట బయటి మొదట్లో నీరు ఊరడం కనిపిస్తే గ్లాసులో పట్టి చూడాలి. తేటగా ఉంటే గుర్తుపెట్టి రోజూ చూస్తే చాలు. బురదగా ఉంటే కట్టలోపల మట్టి కొట్టుకుపోతోందని, బుంగ పడుతోందని అర్థం. దాని నోటిని బంకమట్టితో మూయకూడదు. నీరు ఇంకోచోట దారి చేసుకుంటుంది. ముతక ఇసుక, దాని మీద కంకర పోసి, చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి నీటి మట్టాన్ని కాస్త పెరగనివ్వాలి. నీరు రావాలి, మట్టి రాకూడదు. వెంటనే తూములు ఎత్తి చెరువు దించాలి.

ఆపి ఉంచాల్సినవీ ఉన్నాయి. మోడళ్లను నమ్ముకుని ఎఫ్‌టీఎల్ పెంచడం, శిఖం భూముల్లోకి (చెరువు లోపలి అంచు భూముల్లోకి) నీరు మళ్లించడం, కట్టలను మీటరు మేర లేపడం, రాబోయే ముప్పయ్యేళ్ల వాన అంచనాతో ఆయకట్టు పంటలు మార్చమనడం ఇప్పుడే వద్దు. ఇవి మొత్తం వాన మీద ఆధారపడ్డ నిర్ణయాలు, ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోవడం కష్టం. వీటికి కొలతలు కావాలి. ప్రతి అలుగు పక్కన రంగు వేసిన స్టాఫ్ గేజీ పెట్టి, అలుగు దూకిన ప్రతిసారీ నీటి ఎత్తు, సమయం ఊళ్లో ఒక పుస్తకంలో రాయించండి. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటి వ్యవస్థ ఉంది. వాటి గంటవారీ వానను ఈ పుస్తకంతో కలిపితే అయిదారేళ్లలో ఆ చెరువుకు రైవ్స్ స్థిరాంకం కంటే నమ్మదగిన లెక్క దొరుకుతుంది. అయిదేళ్లలో రెండుసార్లు నీటి ఎత్తు డిజైన్‌లో ముప్పాతిక దాటితే ఇంకో విడత పొడిగింపు అని నిబంధన ముందే రాసిపెట్టండి. అప్పుడు ప్రతిసారీ మొదటినుంచి వాదించుకోనక్కర్లేదు.

అలుగు వాగు హద్దుల సంగతి మాత్రం ఆగేది కాదు. వాగు పక్కన ఖాళీగా ఉన్న నేలలో ఈరోజు లేఅవుటుకు అనుమతి ఇస్తే, పదేళ్ల తర్వాత ఏ మోడల్ ఎంత కచ్చితంగా చెప్పినా ఆ చోటు తిరిగి రాదు. 10 మీటర్ల లోపు ఎత్తున్న కట్టలు 2021 డ్యామ్ భద్రతా చట్టం పరిధిలోకి రావు. మన చెరువుల్లో అత్యధికం అవే. వాటికి దిక్కు మీ ఉత్తర్వులే.

మేం అడుగుతున్నది ఇది. వచ్చే జూన్ ఒకటిలోగా ప్రతి జిల్లాలో ప్రమాదకరమైన పది గొలుసులను గుర్తించి, వాటిలోని ప్రతి చెరువుకూ కట్ట తగ్గు చోటు, అలుగు మట్టం, అలుగు పొడవు, కింది దారి సామర్థ్యం, ఈ నాలుగు అంకెలను పంచాయతీ గోడ మీద రాయించండి. అలుగుల మీద తర్వాత కట్టిన సిమెంటు వరసలను రైతులతో మాట్లాడి, నీటి వాటా సంగతి తేల్చి, తీయించండి. కొత్త అలుగులన్నిటికీ వాన ఆధారిత లెక్క మీద 15 శాతం కలిపి అంచనాలు పంపమని సర్క్యులర్ ఇవ్వండి. అలుగు వాగులకు రెండు వైపులా హద్దురాళ్లు నాటించి, ఆ సర్వే నంబర్లను రిజిస్ట్రేషన్ శాఖకు పంపండి. లెవెల్ తీయడంలో, లెక్కల్లో ఏ జిల్లాకు మనుషులు తక్కువైనా వచ్చి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
చిన్ననీటి వనరుల పనుల్లో ఉన్న ఇంజినీర్లు, హైడ్రాలజీ అధ్యాపకులు